స్టాపు రాకముందే

ముప్పై రెండేళ్లు ఎర్రబస్సులో కండక్టరుగా పనిచేశాను. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే మా ఊరి బళ్లో నేను చేసిన తప్పు కండక్టరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ప్లీడరో డాక్టరో అయ్యుంటే ఇంకో రకం తప్పు చేసేవాణ్ణి, అది వేరే సంగతి.

కండక్టరు పనిలో టికెట్లు ఇవ్వడం సగమే. మిగతా సగం నోటితో చెయ్యాలి. కాలవ మీద లాకులు ఇంకా కనిపించకముందే "లాకులండీ లాకులు, దిగేవాళ్లు ముందుకి రావాలండీ" అని అరవాలి. స్టాపు వచ్చాక అరిచేవాడు కండక్టరే కాడు. కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి, చెప్పులు వెతుక్కుని, కొబ్బరికాయల సంచీ సీటు కిందనుంచి లాక్కుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బస్సు సరిగ్గా ఆగాలి. ఈ విద్యలో మా డిపోలో నన్ను మించినవాడు లేడు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పలేదు గనక.

రిటైరయ్యాక ఆ నోరు నాతోపాటు ఇంటికి వచ్చేసింది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏమండీ, పప్పులోకి..." అనేలోపే నేను వసారాలోంచి "మామిడికాయ వెయ్యి" అని కేకేసేవాణ్ణి. ఆవిడ చెప్పబోయింది పప్పులోకి పోపు పెడుతున్నాను, పక్క పొయ్యి మీద పాలు కాస్త చూడండి అని. పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక తెలిసేది. పెళ్లయిన దగ్గర్నుంచి తను ఒక్క మాట కూడా చివరిదాకా చెప్పలేకపోయానని ఆవిడ ఫిర్యాదు. ఆ ఫిర్యాదు కూడా సగంలోనే ఉండగా నేను సమాధానం చెప్పేసేవాణ్ణి.

మాది నరసాపురానికి దగ్గర్లో ఒక పల్లె. ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్ గారు నా పాత ప్రయాణికురాలు. రోజూ పొద్దున్నే నరసాపురంలో నా బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ వచ్చేవారు. ఒకరోజు బడి వదిలాక మా గుమ్మం ముందు ఆగారు. నేను అప్పుడు పేపరు వాడి మీద అరుస్తున్నాను.

"ఆ గొంతు ఖాళీగా ఉన్నట్టుందండి. మా బడికి ఇవ్వకూడదూ?" అన్నారు.

సంగతి ఏంటంటే, ఐదు తరగతులకి ఇద్దరు టీచర్లు. నాలుగు, ఐదు తరగతులకి వచ్చినా చదవడం రాని పిల్లలు నలుగురు ఉన్నారు. అక్షరాలు విడివిడిగా తెలుసు, కలిపి చదవమంటే చేతులెత్తేస్తారు. వాళ్లకి పొద్దున ఒక అరగంట ఆవిడే గుణింతాలూ ఒత్తులూ చెబుతున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంకో గంట ఎవరైనా పెద్దవాళ్లు దగ్గర కూర్చుంటే బాగుంటుంది.

"మీరు పాఠం చెప్పక్కర్లేదండి. వాళ్లు చదువుతుంటే పక్కన కూర్చుంటే చాలు," అన్నారు.

నేను "పాఠం" అన్న మాట విన్నాను. "చెప్పక్కర్లేదు" అన్నది వినేలోపే ఒప్పేసుకున్నాను.

ఆ నలుగురిలో ఒకడు బొమ్మ చూసి చదివేవాడు. పాఠంలో మేక బొమ్మ ఉంటే ఆ మేకకి సంబంధం చూసి, పెళ్లి చేసి, భోజనాలు కూడా పెట్టి అప్పుడు పేజీ తిప్పేవాడు. ఇంకొకడు ప్రతి మాటలోనూ మొదటి అక్షరం చదివి మిగతాది దేవుడి మీద వదిలేసేవాడు. మూడో పిల్ల చదువుతోందో లేదో పెదాలు చూసి తెలుసుకోవాలి. నాలుగో ఆవిడ ఐదో తరగతి. పదేళ్ల పిల్ల, రెండు జడలు, కుడి చెంప మీద చిన్న పుట్టుమచ్చ, మనిషిని చూస్తే కలెక్టరుగారి తీరు. అమ్మా నాన్నా భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా పని చేస్తారు. ఒకటో తరగతి వయసు ఒక చెరువు గట్టు మీద, రెండో తరగతి వయసు ఇంకో చెరువు గట్టు మీద గడిచిపోయింది. ఆ తర్వాత వాళ్ల మామ్మ తీసుకొచ్చి తన దగ్గర పెట్టుకుంది. అప్పటికి తోటి పిల్లలంతా చదవడం నేర్చేసుకున్నారు. ఈ పిల్ల మాత్రం చదువుతున్నట్టు కూర్చోవడం నేర్చుకుంది.

నాకు వెంటనే ఒక ఉపాయం తట్టింది. కిరాణా కొట్టులో అట్టపెట్టెలు అడిగి తెచ్చి, ముక్కలు కోసి, పసుపు రంగు వేసి, నల్లటి అక్షరాలతో బస్సు బోర్డులు రాశాను. నరసాపురం, రామచంద్రపురం, జంగారెడ్డిగూడెం. "మూడక్షరాల మాటలకే తడబడుతున్నారు కదండీ, ఇంత పొడుగువి ఎందుకు?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. జంగారెడ్డిగూడెం చదివినవాడికి 'పలక' ఒక లెక్కా అండీ అని నేను దబాయించాను.

బెంచీలు రెండు వరసలుగా వేసి బస్సు చేశాం. నేను ముందు నిలబడి బోర్డు పైకెత్తేవాణ్ణి. ఎవరో ఒకరు "జం..." అనేవారు. అంతే, నా ముప్పై రెండేళ్ల అనుభవం ఊరుకోదు. "జంగారెడ్డిగూడెమండీ, ఎక్కండెక్కండి" అని నేను అరిచేవాణ్ణి. నలుగురూ "తాతగారండీ" అంటూ ఎగిరి గంతేసేవారు. పాఠం పుస్తకం తీసినా అదే వరస. పిల్ల ఒక మాట దగ్గర ఆగితే చాలు, నాకు లోపల బస్సు స్టాపు దాటిపోతున్నట్టు కంగారుగా ఉండేది. అందించేసేవాణ్ణి. పిల్ల పట్టుకునేది. బండి కదిలేది. నెల తిరిగేసరికి మా బండి ఎక్స్‌ప్రెస్ అయిపోయింది. ఐదో తరగతి పిల్లయితే పేజీ పేజీ గడగడా లాగించేస్తోంది. నేను ఈ విషయం మా ఆవిడకి చెప్పాను, పాలవాడికి చెప్పాను, లాకుల దగ్గర టీ కొట్టులో రెండుసార్లు చెప్పాను.

సంక్రాంతి సెలవులయ్యాక హెడ్‌మిస్ట్రెస్ గారు ఒక కాగితం పట్టుకుని మా బస్సులోకి వచ్చారు. అవ్వ, కోడి ఉన్న చిన్న కథ, అంతా కలిపి ఎనిమిది లైన్లు. పుస్తకంలో లేనిది, ఆవిడే రాసి జిరాక్సు తీయించారు. ఒక ప్రతి ఐదో తరగతి పిల్లకిచ్చి, ఇంకో ప్రతి ఎర్ర పెన్నుతో తన దగ్గర పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నారు. నేను పిల్ల పక్కన కూర్చున్నాను, పెళ్లికూతురి తండ్రి హోదాలో.

పిల్ల చదివింది. మధ్య మధ్య కాస్త ఆగినా చివరిదాకా లాగింది. నేను మీసం సవరించుకుని వెనక్కి తిరిగాను. ఆవిడ తన కాగితం నా చేతికిచ్చారు. దాని నిండా ఎర్ర టిక్కులు.

"ఇన్ని మార్కులేంటండి!" అన్నాను.

"మార్కులు కాదండి. మీరు చదివిన మాటలు అవి."

లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాను. "మరి అమ్మాయి చదివినవో?"

"'ఒక', 'ఊళ్లో'. తర్వాత మళ్లీ ఇంకో 'ఒక'. మీరు ఏమీ అనుకోనంటే ఒక్క ఐదు నిమిషాలు బయట బోరింగు దగ్గర నిలబడతారా?"

వెళ్లి నిలబడ్డాను. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. అదే కాగితం, అదే కథ. పిల్ల "ఒక ఊళ్లో ఒక" అంది. తర్వాత తలెత్తి, పక్కన నేను కూర్చున్న ఖాళీ చోటు వైపు చూసింది. సరిగ్గా నా నోరు ఉండాల్సినంత ఎత్తులో చూసింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల కాగితం చదవలేదు, నా పెదాలు చదివింది. నేను ఒక్కో మాటా పెదాల మీదికి తెస్తుంటే అక్కణ్ణుంచి ఏరుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గు వేసినప్పుడు కొందరు ఏడుస్తారు, నాకు కోపం వస్తుంది. లోపలికి వెళ్లి, "నా గొంతు మీకు అడ్డమైతే రేపట్నుంచి రానండి" అని చెప్పి, పసుపు బోర్డులన్నీ చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ ఆ రెండు రోజులూ హాయిగా, ఒక్కో మాటా చివరిదాకా మాట్లాడుకుంది. మూడో రోజు సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ గారు మళ్లీ గుమ్మంలో ఆగారు.

"ఆ అమ్మాయి నిన్నట్నుంచి బడికి రావట్లేదండి," అన్నారు. "జూన్లో ఆరో తరగతికి హైస్కూలుకి వెళ్లనంటోందట. ఇంట్లో కూర్చుని లేసు అల్లుకుంటుందట. వాళ్ల మామ్మగారు సరే అనేశారు."

"లేసుకేం తొందరండి? చదువు..."

"పూర్తిగా వినండి. తనకి చదువు రాదని తెలిసిపోయి తాతగారు కోపం వచ్చి మానేశారని చెప్పిందట."

ఈసారి నాకు కోపం కాదు, భయం వేసింది. మంచినీళ్లు తాగి, చొక్కా తొడుక్కుని బయల్దేరాను. ఆ పిల్ల ఇంటికి పోయి మామ్మగారికి నాలుగు చీవాట్లు పెట్టాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. జూన్లో ఆ పిల్ల చదువు ఆగిపోతే అందులో నా వాటా ఉంటుంది. ఆ భయమే నన్ను గబగబా నడిపించింది.

అరుగు మీద మామ్మా మనవరాలూ పక్కపక్కన కూర్చుని లేసు అల్లుతున్నారు. మా వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్లకి ఆ పని ఉంటుంది. సన్నటి కొక్కెం సూది, తెల్ల దారం, పువ్వు తర్వాత పువ్వు. నేను వెళ్లి కూర్చునేసరికి పిల్ల చేతిలో పువ్వు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎక్కడో ఒక పోగు ఎక్కువ పడింది. నాక్కూడా కనిపిస్తోంది. మామ్మ చూసింది, తన సూది ఆపింది, చెయ్యి మాత్రం చాపలేదు. పిల్ల తిప్పి తిప్పి చూస్తోంది. నాకు చేతులు దురద పెడుతున్నాయి.

"ఆ పక్కనే తప్పు పడింది చెల్లెమ్మా, నువ్వు సరిచేసి ఇచ్చేయొచ్చు కదా," అన్నాను మామ్మగారితో.

"అట్టా చెయ్యకూడదండి కండక్టరుగారండీ," అంది ఆవిడ. "సెయ్యి మారితే బిగువు మారిపోద్ది. నాది బిగువు సెయ్యి, దానిది వదులు. మజ్జిలో నేను రెండు పోగులు ఏసేననుకోండి, పువ్వు అక్కడ ముడుసుకుపోద్ది. కొనేవోళ్లు అది పట్టుకుని అడుగుతారు, ఇక్కడ సెయ్యేసింది ఎవురండీ అని. ఎవురు తప్పేసేరో ఆళ్లే ఇప్పుకోవాల, ఆళ్లే ఏసుకోవాల."

"ఎంతసేపు పడుతుంది మరి?"

"ఎంతసేపు పడితే అంతసేపండి. నేను కూకుంటాను."

కూర్చుంది. నిజంగానే కూర్చుంది. తొందరపెట్టలేదు, అలాగని వేరే పనిలోకీ పోలేదు. పిల్ల మూడు వరసలు విప్పేసి, దారం సాఫు చేసుకుని, మళ్లీ వేసింది. పువ్వు చక్కగా నిలబడ్డాక ఆవిడ "ఊఁ" అంది, అంతే. నేను ముప్పై రెండేళ్లలో కొన్ని లక్షల మందిని వాళ్ల వాళ్ల ఊళ్లలో దింపాను గానీ, ఒక్కరి కోసమైనా ఇలా ఊరికే ఆగి ఎరగను. కూడబలుక్కున్న చీవాట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

హైస్కూలు సంగతి మాత్రం అడిగాను.

"దానికే ఇట్టం లేదండి," అంది ఆవిడ. "అక్కడ అందరి ముందూ లేపి సదవమంటారంట. నవ్వుతారంట. బలంతంగా పంపితే మజ్జిలో ఎనక్కొచ్చేత్తే అది ఇంకా నామర్దా. పరీచ్చలయ్యేక బళ్లో కాయితం ఇత్తారుగా, ఆ రోజు వచ్చి టీచరుగారికి సెప్పేత్తానండి, ఇంక ఇంతేనని."

అంటే ఏప్రిల్ ఆఖరు వరకూ గడువు. నేను పిల్ల వైపు తిరిగాను. తలెత్తలేదు.

"నేను నీమీద కోపంతో మానెయ్యలేదమ్మా. నా మీద నాకే కోపం వచ్చింది. నీకు చదవడం రాదు, నాకు నోరు మూసుకోవడం రాదు. ఇద్దరం నేర్చుకుందామా?"

కాసేపు సూది ఆడింది. "ముందెవరు నేర్చుకుంటారండి?" అంది.

"నేనేనమ్మా. నాదే పెద్ద జబ్బు."

ఇంటికి వెళ్లి ఈ సంగతి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ జాలి పడుతుందనుకున్నాను. లోపలికి వెళ్లి డబ్బాలోంచి కరక్కాయ తెచ్చి, చితక్కొట్టి, ఒక ముక్క నా చేతిలో పెట్టింది. "దగ్గుకి పెట్టుకున్నట్టు బుగ్గన పెట్టుకోండి. ఆ వగరుకి నోరు తెరవాలనే బుద్ధి పుట్టదు," అంది. తర్వాత, "ఇన్నాళ్లూ ఈ ఉపాయం తోచకపోవడం నా ఖర్మ," అని కూడా అంది. ఆ మాట నేను మొత్తం విన్నాను.

మర్నాడు బుగ్గన కరక్కాయతో బడికి వెళ్లాను. పిల్లలు నాకు పన్ను నొప్పి అనుకుని జాలిపడ్డారు. మేక పెళ్లి చేసేవాడు ఉప్పునీళ్లు పుక్కిలించమని సలహా ఇచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు నా బోర్డుల బదులు తను రాసిన చిన్న చిన్న కాగితాలు ఇచ్చారు. ఒక్కో కాగితం మీద రెండు లైన్లు. నా పని ఒకటే, కూర్చోవడం. మామ్మగారి అరుగు మీది చట్టమే ఇక్కడా పెట్టాం. ఎవరు ఆగితే వాళ్లే విప్పుకోవాలి, వాళ్లే వేసుకోవాలి. పక్కవాళ్లు అందించకూడదు, ముఖ్యంగా తాతగారు.

కూర్చోవడం ఇంత కష్టమని నాకు ఎవరూ చెప్పలేదు. పిల్ల 'వెన్నెల' అన్న మాటని బొటనవేలితో మూసి, ఒక్కో అక్షరం బయటికి వదులుతూ "వె... వెన..." అని ఆగిపోతుంది. నేను పైకి చూస్తాను. దూలాలు లెక్కపెడతాను. గోడ మీద బల్లి ఒక ఈగ కోసం కాచుకుని ఉంది, దానికి నాకంటే ఓపిక ఎక్కువ. మెడ నరాలు లాగేస్తాయి. నా మొహం చూసి మిగతా ముగ్గురూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మొదటి రోజు గంటసేపట్లో ఆ పిల్ల చదివింది మూడు లైన్లు. కానీ ఆ మూడూ తను చదివినవే, ఒక్క టిక్కు కూడా నాది కాదు. ఇంటికొచ్చి పొలం దున్ని వచ్చినవాడిలా పడుకున్నాను.

నాలుగు రోజులకి ఒకటి గమనించాను. ఆ పిల్ల మాట తప్పితే అక్కడే తడుముకోదు. వేలు వెనక్కి తీసుకెళ్లి లైను మొదట్లో పెట్టి, అక్కణ్ణుంచి మళ్లీ వస్తుంది. అచ్చం అరుగు మీద చేసినట్టే. ఎవరూ చెప్పలేదు, తన చేతికి ఉన్న అలవాటు కంటికి వచ్చింది. వెనక్కి వెళ్లడం తప్పు కాదని ఆ పిల్లకి ముందే తెలుసు, నాకే తెలీదు. మిగతా ముగ్గురికీ ఆ అలవాటు అంటుకుంది. దేవుడి మీద వదిలేసేవాడు కూడా దేవుణ్ణి కొంచెం తక్కువ ఇబ్బంది పెట్టడం మొదలెట్టాడు. మేక పెళ్లి చేసేవాడు, మేక గడ్డి మాత్రమే తిన్నదని చదివి చాలా నిరాశపడ్డాడు.

అన్ని రోజులూ ఒకలా లేవు. మార్చిలో ఒంటిపూట బడులు పెట్టారు. ఎండ, ఉక్క. మా గంట పొద్దున్నకి మారింది. ఆ వారం పిల్లకి ఒక్క కొత్త మాట కూడా లొంగలేదు. ముందురోజు చదివినవి కూడా మర్చిపోయి కూర్చుంది. ఒకరోజు 'చుట్టం' అన్న మాట దగ్గర పది నిమిషాలు ఆగింది. నాకు ఇంక శక్తి చాలలేదు. కరక్కాయ కిటికీలోంచి ఉమ్మేసి, "చుట్టం అమ్మా చుట్టం! మీ ఇంటికి ఎవరూ చుట్టాలే రారా!" అని అరిచేశాను. వరండాలో నిద్రపోతున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

పిల్ల కాగితం మడిచి పక్కన పెట్టింది. ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు.

"తాతగారండీ, మీరు తప్పేసేరండి," అంది నిదానంగా. "మళ్లీ మొదట్నుంచి వెయ్యండి."

మిగతా ముగ్గురూ తలలూపారు. తీర్పు అయిపోయింది. నేను జేబులోంచి కొత్త ముక్క తీసి బుగ్గన పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఆవిడ దయతలచి కాగితం మళ్లీ విప్పింది. నేను చెప్పేసిన 'చుట్టం' వదిలేసి, దాని ముందు లైను నుంచి మొదలెట్టి వచ్చి, ఆ మాట మీద వేలు పెట్టి, నేనసలు ఏమీ అరవనట్టే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

ఉగాది వెళ్లాక నాకు కరక్కాయ అవసరం తగ్గింది. పిల్ల పేజీ చదవడానికి పావుగంట పడుతోంది. గడగడా కాదు, ఒడిదుడుకుల మీద నడుస్తోంది. కానీ నా వైపు చూడటం మానేసింది. హైస్కూలు మాట మాత్రం ఎత్తనివ్వలేదు. ఒకసారి ఎత్తితే, "ఇక్కడ మీరు ఆగుతారండి. అక్కడ ఎవరు ఆగుతారు?" అంది. ఆ రాత్రి అన్నం సయించలేదని మా ఆవిడ అంటుంది గానీ, నేను రెండోసారి పెరుగు వేయించుకున్నట్టే గుర్తు.

ఏప్రిల్ ఆఖర్లో బడికి చివరి రోజు. ఐదో తరగతి పూర్తయిన పిల్లలకి రికార్డు షీటు ఇస్తారు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఏ తరగతి అయింది అన్నీ అందులో ఉంటాయి. అది పట్టుకెళితేనే హైస్కూల్లో చేర్చుకుంటారు. మామ్మగారు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆ చీర చూడగానే, ఇంక ఇంతేనని చెప్పడానికి సిద్ధపడి వచ్చిందని తెలిసిపోయింది. పిల్ల ఆవిడ వెనకాల నిలబడింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు కాగితం మామ్మగారి చేతికిచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ చూసి, ఊళ్లో అందరూ చేసే పనే చేసింది. చదువొచ్చిన మనిషి వైపు చాపింది.

"ఏం రాసేరో సూడండి కండక్టరుగారండీ."

నేను అందుకోబోయాను. ఊపిరి కూడా పీల్చాను. ఈలోగా మధ్యలోంచి ఒక చిన్న చెయ్యి వచ్చి ఆ కాగితం తీసేసుకుంది.

"నేను చదూతానండి," అంది.

చదివింది. ముందు తన పేరు. తర్వాత తండ్రి పేరు, ఇంటి పేరుతో సహా. ఊరి పేరు. పుట్టిన తేదీ అక్షరాల్లో రాసి ఉంది, అదొక పొడుగాటి లైను. మధ్యలో ఒకసారి తప్పి, వేలు వెనక్కి తెచ్చుకుని, మళ్లీ వెళ్లింది. "గుర్తింపు... చిహ్నం. కుడి చెంప మీద... పుట్టుమచ్చ." చదువుతూనే ఎడం చేత్తో చెంప తడుముకుంది.

మామ్మగారు ఆశ్చర్యపోయింది. "అది కూడా రాసేరా!" అంది. మనవరాలి మొహం కొత్తగా చూస్తున్నట్టు చూసింది. నేను ఆ మాట కాగితంలో చదివి చెప్పి ఉంటే ఆవిడ అలా చూసేది కాదు.

ఆఖరి లైను. "పై తరగతిలో... చేరుటకు..." అని ఆగింది.

ఆ తర్వాతి మాట నాకు తలకిందులుగా కనిపిస్తూనే ఉంది. కష్టమైన మాట. హెడ్‌మిస్ట్రెస్ గారు బల్ల అంచు పట్టుకున్నారు. పిల్ల "అర..." అంది, ఆగింది. "అరు..." అంది, తల అడ్డంగా ఊపుకుంది. గుమ్మంలోకి ఎవరో తండ్రి వచ్చి "టీచరుగారండీ, మావాడి కాగితం..." అనబోతే మామ్మగారు వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆపేసింది. ఆవిడకి ఆ లైనులో ఏముందో తెలీదు. తను ఏం చెప్పడానికి వచ్చిందో మాత్రం తెలుసు. అయినా మనవరాలు ఒక పోగు దగ్గర ఆగిందని అర్థమైంది, ఆవిడకి అంతే చాలు. నా బుగ్గన కరక్కాయ లేదు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని నిలబడ్డాను.

పిల్ల వేలు లైను మొదట్లోకి వెళ్లింది.

"పై తరగతిలో చేరుటకు... అర్... అర్హు... అర్హురాలు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మామ్మగారు "అంటే ఏంటే?" అంది.

పిల్లకి తెలీదు. నా వైపు తిరిగింది. "అంటే ఏంటండి తాతగారూ?"

ఇన్ని నెలల తర్వాత నా వంతు వచ్చింది. నన్ను మాట్లాడమని ఆ పిల్లే అడిగింది. నోరు తెరిచాను. గొంతు రాలేదు. అంత పెద్ద గొంతు, లాకుల ఇవతల్నుంచి అవతలికి వినబడే గొంతు, ఆ రోజు ఒక్క మాటకి లేవలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారికి జవాబు తెలుసు. ఆవిడ అందించలేదు. పిల్లా, మామ్మా, ఆవిడా ముగ్గురూ నా మొహంలోకి చూస్తూ నాకోసం ఆగారు.

"వెళ్లొచ్చు అని," అన్నాను చివరికి. "నువ్వు వెళ్లొచ్చు అని రాశారమ్మా."

మామ్మగారు కొంగు సర్దుకుంది. చెప్పడానికి వచ్చిన మాట ఎటు పోయిందో ఆవిడకే తెలియాలి.

"ఎల్తావేంటే మరి?" అని అడిగింది.

పిల్ల కాగితం మళ్లీ పైకెత్తి, ఆ ఆఖరి లైను మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మొదట్నుంచి చివరిదాకా ఇంకోసారి చూసుకుంది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

"ఎల్తాను మామ్మా," అంది. "నేనే చదివేను కదా."